చిన్న హాల్లో సింథ్‌పాప్ షో: కరెంటు బోర్డు నుంచి చివరి పాట దాకా

విజయనగరం, శ్రీకాకుళం నుంచి కొత్తగా సింథ్‌పాప్ (సింథ్‌లు, అంటే సింథసైజర్ కీబోర్డుల మీద నడిచే పాప్) బ్యాండ్ కట్టిన పిల్లలు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. "రెండు సింథ్‌లు, ఒక ల్యాప్‌టాప్, ఒక సింగర్. ఇంట్లో వాయిస్తే అద్భుతంగా ఉంటోంది. హాల్లోకి వెళ్తే ముద్దగా వినిపిస్తోంది, గుయ్‌మంటోంది, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతోంది. ఏం చేయాలి?" విడివిడిగా జవాబులు చెప్పే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. డ్రమ్ సెట్, గిటార్ ఉన్న బ్యాండ్ అయితే మైక్ సెట్ బాగోకపోయినా స్టేజీ మీంచి ఎంతోకొంత శబ్దం జనానికి చేరుతుంది. సింథ్‌పాప్‌లో గొంతు తప్ప కరెంటు లేకుండా మోగేది ఏదీ లేదు. బీటు, బేసు, సింథ్ అన్నీ వైర్లలోంచి వెళ్ళి స్పీకర్లలోంచే బయటికి రావాలి. అందుకే మీ షో బాగుండాలంటే రెండు చోట్ల జాగ్రత్త పడాలి: ఒకటి కరెంటు, రెండోది మీ వాద్యాలు పెట్టుకునే బల్లకీ సౌండ్ వాళ్ళ మిక్సర్‌కీ మధ్య ఉండే వైర్లు. పాటలు ఎంత బాగా ప్రాక్టీస్ చేసినా ఈ రెండూ చూసుకోకపోతే ఫలితం దక్కదు.

కావలసినవి

- సింథ్‌లు, వాటి అసలు అడాప్టర్లు. ప్రతి అడాప్టర్ మీదా అది ఏ వాద్యానిదో పేరు రాసి టేపు అంటించాలి
- ల్యాప్‌టాప్, దాని శబ్దాన్ని బయటి వైర్లలోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్, కనీసం నాలుగు అవుట్‌పుట్‌లున్నది (రెండే ఉన్నా నడుస్తుంది, నాలుగో మెట్టు చూడండి)
- మీ సొంత చిన్న మిక్సర్, ఆరు నుంచి ఎనిమిది చానెళ్ళు చాలు
- డీఐ బాక్సులు (వాద్యం సిగ్నల్‌ని పొడవాటి కేబుల్లో గుయ్ లేకుండా పోయేలా మార్చే చిన్న పెట్టెలు) రెండు
- పాటగాళ్ళకి మామూలు కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) డైనమిక్ మైకులు. షూర్ ఎస్‌ఎం58 రకం దాదాపు ప్రతి సౌండ్ సెట్టులోనూ ఉంటుంది
- కంప్యూటర్లకి వాడే యూపీఎస్ ఒకటి, 600 వీఏది సరిపోతుంది
- మల్టీమీటర్, గాఫర్ టేపు (కేబుళ్ళని నేలకి అంటించే గుడ్డ టేపు), ప్రతి రకం కేబుల్ ఒకటి అదనంగా
- క్లిక్ (తాళం తప్పకుండా చెవిలో వినిపించే టక్ టక్) వినడానికి వైరున్న ఇయర్‌ఫోన్స్
- బీటు ట్రాకులన్నీ ఎక్కించిన ఫోను ఒకటి, దాన్ని మిక్సర్‌కి కలిపే కేబుల్

1. తేదీ, హాలు ఖాయం చేయండి

ముహూర్తాలున్న రోజుల్లో మంచి సౌండ్ సెట్టు దొరకదు. దొరికినా ఆపరేటరు రాత్రంతా ఊరేగింపులో ఉండి నిద్రమొహంతో వస్తాడు. మూఢంలోనో ఆషాఢంలోనో పెట్టుకుంటే సెట్టూ దొరుకుతుంది, మనిషీ తీరిగ్గా ఉంటాడు. ఆషాఢంలో వాన భయం ఉంటుంది కాబట్టి మేడ మీద వద్దు, లోపలే పెట్టుకోండి. వినాయక చవితి రోజుల్నీ వదిలేయండి. విజయనగరంలో అయితే దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ రోజుల్లో కోట చుట్టుపక్కలకి బండి తీసుకెళ్ళడమే కష్టం, ఇక సామాను దింపే మాటేమిటి.

లైవ్ మ్యూజిక్ కోసమే కట్టిన క్లబ్బు మన దగ్గర వెతికినా దొరకడం కష్టం. మినీ ఫంక్షన్ హాలు, హోటల్లో కాన్ఫరెన్స్ గది, పెద్ద కాఫీ షాపు, ఇలాంటివే మనకి క్లబ్బులు. వంద మందికి మించని గదే ఎంచుకోండి. ఐదు వందల మంది పట్టే కల్యాణ మండపంలో ఎనభై మందిని కూర్చోబెడితే జనానికీ ఉత్సాహం ఉండదు, మీకూ ఉండదు.

హాలు చూడటానికి వెళ్ళినప్పుడు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. చప్పుడు గణగణమని సాగుతూ ఉంటే ఆ గదిలో పాట మాటలు అర్థం కావు. టైల్స్ నేల, సున్నం గోడలు, అద్దాల కిటికీలు ఉన్న చోట ఇదే జరుగుతుంది. దీనికి విరుగుడు టెంట్ హౌస్ వాళ్ళ దగ్గరే ఉంది. వెనక గోడకి మందపాటి తెరలు గోడకి జానెడు దూరంలో వేలాడదీయించండి, స్టేజీ మీద జంపఖానాలు పరిపించండి. పలచటి శాటిన్ తెరలు కంటికి బాగుంటాయి గానీ శబ్దానికి అడ్డుపడవు.

2. అనుమతులు

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం. తలుపులు మూసిన ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి వాటికి మినహాయింపు ఉన్నా శబ్దం బయటికి పోకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రికి, బడికి, కోర్టుకి 100 మీటర్ల లోపు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తారు, అలాంటి చోట హాలు తీసుకోకండి. అర్జీ ముందే పెట్టండి, ముద్ర వేసిన కాపీ దగ్గర ఉంచుకోండి, షో తొమ్మిదిన్నరకి ముగిసేలా చూసుకోండి.

ఇతరుల పాటలు వాయిస్తే, ముఖ్యంగా టికెట్ పెట్టి వాయిస్తే, పాటల హక్కుల సంస్థ ఐపీఆర్‌ఎస్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. పెళ్ళిలో వాయించడానికి చట్టంలో ఉన్న మినహాయింపు టికెట్ షోకి వర్తించదు.

3. కరెంటు: అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా జాగ్రత్తగా

హాలుకి వెళ్ళగానే ఒక్క వాద్యం కూడా బయటికి తీయకండి. ముందు ప్లగ్గు చూడండి. మీటరు వాడటం రాకపోతే హాలు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీ ముందే కొలిపించండి.

- ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 220 నుంచి 240 వోల్టులు ఉండాలి.
- ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. ఏమీ రాకపోతే ఆ ప్లగ్గుకి ఎర్త్ లేదని అర్థం.
- న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఐదు దాటితే ఆ ప్లగ్గు వదిలేసి వేరేది చూడండి.

హెచ్చరిక: గుయ్ శబ్దం పోతుందని కొందరు ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిచేస్తారు, లేదా రెండు పిన్నుల అడాప్టర్ పెడతారు. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి. ఒక చేత్తో సింథ్ పట్టుకుని పెదాలు మైకుకి ఆనించే మనిషి ప్రాణం ఆ పిన్ను మీదే ఆధారపడి ఉంది. మైకు ముట్టుకుంటే జిల్లుమన్నా షో అక్కడికక్కడే ఆపి లోపం పట్టుకోవాలి.

మీ బల్లకీ, సౌండ్ వాళ్ళ మిక్సర్‌కీ, స్పీకర్లకీ కరెంటు ఒకే ఫేజు మీంచి, వీలైతే ఒకే బోర్డు మీంచి తీసుకోండి. వేర్వేరు ఫేజుల మధ్య దాదాపు 400 వోల్టుల తేడా ఉంటుంది. లైట్లు మాత్రం వేరే లైను మీద పెట్టించండి. డిమ్మర్లు ఉన్న లైట్లు మీ లైను మీదే ఉంటే వెలుగు మారినప్పుడల్లా స్పీకర్లో జుయ్ మంటుంది.

ఇప్పుడు కోత సంగతి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు పది సెకన్లు పట్టినా సరే, సింథ్‌లన్నీ ఆరిపోయి మళ్ళీ వెలుగుతాయి. వెలిగాక చాలావరకు అవి మీరు వాడుతున్న ప్యాచ్ (సింథ్‌లో ఎంచుకున్న శబ్దం) దగ్గర ఉండవు, మొదటి ప్యాచ్‌కి పోతాయి. పాట మధ్యలో అది తేరుకోలేని దెబ్బ. అందుకే యూపీఎస్. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, సింథ్‌లు, చిన్న మిక్సర్ అన్నీ కలిపినా మామూలుగా 200 వాట్లు దాటవు, కంప్యూటర్ యూపీఎస్ వాటిని కొన్ని నిమిషాలు సునాయాసంగా మోస్తుంది. స్పీకర్లని, యాంప్లిఫయర్లని మాత్రం దానికి తగిలించకండి. జనరేటర్‌లో డీజిల్ ఎవరు పోయించాలో, దాని దగ్గర షో అయ్యేదాకా మనిషి ఉంటాడో లేదో హాలు మాట్లాడుకునే రోజే తేల్చుకోండి.

ఎలా పరీక్షించాలి: అన్నీ కలిపాక ఒక పాట మొదలుపెట్టి యూపీఎస్ ప్లగ్గు దగ్గర స్విచ్ ఆపేయండి. పాట ఏమాత్రం తడబడకుండా సాగాలి. ఏదైనా ఆరిపోతే అది యూపీఎస్‌కి కాకుండా వేరే బోర్డుకి ఉందన్నమాట.

అడాప్టర్ల గురించి ఒక మాట. కొన్నిటికి మధ్య పిన్ను ప్లస్, బాస్ (Boss) కంపెనీ పెడళ్ళ లాంటి వాటికి మధ్య పిన్ను మైనస్. రెండూ 9 వోల్టులే, రెండూ ఒకే రంధ్రంలో దూరతాయి. హడావుడిలో ఒకదానిది ఇంకోదానికి పెడితే వాద్యం కాలిపోవచ్చు. ముందే టేపు మీద పేరు రాయమన్నది ఇందుకే.

4. బల్ల సర్దండి: బయటికి నాలుగు లైన్లకి మించకూడదు

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. సింథ్ 1 లెఫ్ట్, సింథ్ 1 రైట్, సింథ్ 2, కిక్, స్నేర్, బేసు అంటూ పది లైన్లు సౌండ్ ఆపరేటర్‌కి ఇవ్వకండి. ఆయనకి ఆర్కెస్ట్రాల అనుభవం ఉంటుంది. గొంతు పైకి తేవడం, ప్యాడ్స్‌ని అదుపులో పెట్టడం బాగా వచ్చు. మీ పాటలు మాత్రం ఆయన మొదటిసారి వింటున్నాడు. ఏ చానెల్లో బేసు ఉందో వెతుక్కునేలోపు పాట అయిపోతుంది. ప్రాక్టీసులో మీరే కుదుర్చుకున్న పాళ్ళని బల్ల మీదే మిక్స్ చేసి ఇస్తే ఆయన పని గొంతునీ సంగీతాన్నీ తూచడమే. అది ఆయన మనకన్నా బాగా చేస్తాడు.

నాలుగు లైన్లు ఇవి: బీటు, బేసు కలిపి ఒకటి. సింథ్‌లన్నీ కలిపి ఒకటి. ప్రధాన గొంతు. రెండో గొంతు.

చిన్న మిక్సర్‌తో దీన్ని చేసే పద్ధతి: బీటు, బేసు చానెళ్ళ ప్యాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో పంపే నాబ్) పూర్తిగా ఎడమకి తిప్పండి. సింథ్‌ల ప్యాన్ పూర్తిగా కుడికి తిప్పండి. మెయిన్ అవుట్‌లో ఎడమ జాక్ మీ మొదటి లైను, కుడి జాక్ రెండోది. రెండూ డీఐ బాక్సుల్లోకి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైకులకి వాడే మూడు పిన్నుల కేబుల్) మీద సౌండ్ వాళ్ళకి. ఆ రెండు చానెళ్ళనీ ఆయన మిక్సర్‌లో మధ్యలో ఉంచమని చెప్పడం మరిచిపోకండి. చెప్పకపోతే గదిలో ఒక పక్క బీటు, ఇంకో పక్క రాగం వినిపిస్తాయి.

ఇక్కడ జరిగే తప్పులు మూడు.

మొదటిది, స్టీరియో ప్యాచ్. సింథ్‌లోంచి లెఫ్ట్, రైట్ రెండూ తీసి మోనోలో (ఒకే లైనులో) కలిపితే కోరస్ ఎఫెక్ట్ ఉన్న ప్యాచ్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలచబడతాయి. సింథ్ వెనక "మోనో" అని రాసి ఉన్న జాక్ ఒక్కటే వాడండి. ఇంట్లో ప్రాక్టీస్ కూడా ఒకే స్పీకర్ మీద చేయండి.

రెండోది, ల్యాప్‌టాప్ లేదా ఫోను ఇయర్‌ఫోన్ జాక్‌లోంచి ఒక స్టీరియో కేబుల్ తీసి నేరుగా బ్యాలెన్స్‌డ్ మోనో ఇన్‌పుట్‌లో గుచ్చడం. ఆ ఇన్‌పుట్ ఎడమలోంచి కుడిని తీసేస్తుంది, కాబట్టి రెండింట్లో సమానంగా ఉన్న కిక్, బేసు, గొంతు మాయమై పక్కల ఉన్న గలగల మాత్రం మిగులుతుంది. ఒక స్టీరియో జాక్ రెండు మోనో జాక్‌లుగా చీలే కేబుల్ కొనుక్కోండి.

మూడోది, పొడవాటి మామూలు ఇన్‌స్ట్రుమెంట్ కేబుళ్ళు. ఐదారు మీటర్లు దాటితే గుయ్ మొదలవుతుంది. డీఐ బాక్సు బల్ల దగ్గరే ఉండాలి, అక్కడి నుంచి ఎంత దూరమైనా ఎక్స్‌ఎల్‌ఆర్‌దే పని. మిడీ కేబుల్ (ఏ స్వరం నొక్కారో ఒక వాద్యం నుంచి ఇంకోదానికి చెప్పే వైరు) 15 మీటర్లు మించకూడదు.

ఇంటర్‌ఫేస్‌లో రెండే అవుట్‌పుట్‌లు ఉంటే ట్రాకులన్నీ మోనో చేసి కుడివైపు పంపండి, ఎడమవైపు క్లిక్ పెట్టి ఇయర్‌ఫోన్‌కి తీసుకోండి. అలాంటప్పుడు క్లిక్ వైరు మిక్సర్‌లోకి పోలేదని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ల్యాప్‌టాప్ వద్దనుకుంటే డ్రమ్ మెషీన్ చాలు. ఇంకో మంచి దారీ ఉంది. మన జిల్లాల ఆర్కెస్ట్రాల్లో ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) అద్భుతంగా వాయించేవాళ్ళున్నారు. ఒకరిని కలుపుకోండి. చేత్తో కొట్టే మనిషి స్టేజీ మీద ఉంటే చూసేవాళ్ళకి కూడా కన్నుల పండగ.

5. ల్యాప్‌టాప్ సిద్ధం చేయండి

వైఫై, బ్లూటూత్, ఆటోమేటిక్ అప్‌డేట్లు, నోటిఫికేషన్లు, స్క్రీన్ సేవర్ అన్నీ ఆపేయండి. సింథ్‌లని ల్యాప్‌టాప్ లోపలే వాయిస్తున్నట్లయితే బఫర్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని ఒక్కోసారి ఎంత ముక్కగా పంపాలో చెప్పే సెట్టింగ్) 128 శాంపిళ్ళు పెట్టండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర దాని ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. చిటపటలు వస్తే 256కి పెంచండి. ట్రాకులు మాత్రమే నడిపిస్తుంటే 512 అయినా పరవాలేదు, అప్పుడు నిలకడే ముఖ్యం.

ట్రాకు ఏ శాంపిల్ రేటులో (సెకనుకి ఎన్ని శాంపిళ్ళు, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్) చేశారో ఇంటర్‌ఫేస్ కూడా అదే రేటులో ఉండాలి. 44.1లో చేసినది పొరపాటున 48లో నడిస్తే వేగం పెరిగి శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పైకి పోతుంది. సింగర్ గొంతు అందదు, ఎందుకో ఎవరికీ తోచదు.

6. స్పీకర్లు, మైకులు

స్పీకర్లు స్టాండ్ల మీద, నిలబడ్డ మనిషి తల కన్నా ఎత్తులో ఉండాలి. నేల మీద పెడితే ముందు వరుసవాళ్ళ చెవులు పోతాయి, వెనకవాళ్ళకి ఏమీ వినపడదు. మైకుల కన్నా ముందుకి జరిపి పెట్టండి, మైకు వాటి వెనకే ఉండాలి. మూలల్లో నొక్కి పెట్టకండి, బేసు ఉబ్బి బుంయ్ మంటుంది. సబ్‌లు (బేసు కోసమే ఉండే స్పీకర్లు) రెండు ఉంటే రెండూ ఒకే చోట కలిపి పెట్టమనండి.

సింగర్ ముందుండే మానిటర్ స్పీకర్ సరిగ్గా మైకు వీపుకి ఎదురుగా ఉండాలి. కార్డియాయిడ్ మైకు అటువైపు నుంచి శబ్దాన్ని అతి తక్కువగా పట్టుకుంటుంది. మైకు తలని గుప్పిట్లో మూసి పాడే అలవాటుంటే మానిపించండి, కూత (మైకు కీచుమనడం) వచ్చేది అక్కడే.

వాయించేవాళ్ళు హాలు శబ్దం విని తాళం పట్టుకోకూడదు. వెనక గోడ 15 మీటర్ల దూరంలో ఉంటే మీ బీటు వెళ్ళి తిరిగొచ్చేసరికి 87 మిల్లీసెకన్లు అవుతుంది. దాన్ని పట్టుకుని వాయిస్తే పాట ఈడ్చుకుపోతుంది. ఇయర్‌ఫోన్‌లో క్లిక్ వినండి.

7. సౌండ్ చెక్

కనీసం రెండు గంటలు కేటాయించండి. అనలాగ్ సింథ్‌లుంటే అరగంట ముందే ఆన్ చేసి వేడెక్కనిచ్చి అప్పుడు ట్యూన్ చేయండి. ఏసీ గాలి నేరుగా వాటి మీద పడకూడదు. జనం వచ్చి గది వేడెక్కాక ఇంకోసారి ట్యూన్ చూడాలి.

ముందు కిక్ ఒక్కటే. తర్వాత బేసు. రెండూ కలిసి వాయించినప్పుడు కిక్ దెబ్బ విడిగా తెలియాలి. తెలియకపోతే వాల్యూమ్ పెంచకండి, బేసు ప్యాచ్‌లో అడుగు భాగం తగ్గించండి. తర్వాత సింథ్‌లు, చివర గొంతు. గొంతు చానెల్లో 100 హెర్ట్జ్ కింద కోసేయమని అడగండి.

రీవెర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు గొంతుని సాగదీసే ఎఫెక్ట్) విషయంలో గట్టిగా ఉండండి. సింథ్‌పాప్ అంటే గొంతుకి బోలెడంత రీవెర్బ్ అనుకుంటారు. రికార్డింగ్‌లో అది బాగుంటుంది. మన హాళ్ళకి రీవెర్బ్ గోడల్లోనే ఉంది. పైగా తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఆ అచ్చు తోక సాగి తర్వాతి పదం మీద పడితే సాహిత్యం కలగాపులగం అవుతుంది. పొట్టి డిలే (ప్రతిధ్వని) ఒకటి చాలు. పాట తెలియని మనిషిని చివరి వరుసలో కూర్చోబెట్టి ఒక చరణం పాడి, విన్న మాటలు చెప్పమనండి. సగం కూడా చెప్పలేకపోతే రీవెర్బ్ ఇంకా తగ్గించండి, సింథ్ లైను కూడా కొంచెం దించండి.

ఖాళీ హాల్లో పదునుగా, కొంచెం కరకుగా వినిపిస్తే కంగారుపడకండి. జనం వచ్చాక వాళ్ళ ఒళ్ళూ బట్టలూ పై శబ్దాలని పీల్చుకుంటాయి. బేసు మాత్రం అంతగా తగ్గదు. కాబట్టి ఖాళీ హాల్లోనే బేసు నిండుగా ఉంటే అది ఎక్కువైనట్టే.

మోత ఎంత ఉండాలి? హాలు మధ్యలో సగటున 94 డీబీఏ (చెవి తీరుకి సరిచేసిన డెసిబెల్స్) దాటనివ్వకండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో ఆ స్థాయి గంటసేపు వినవచ్చు, 100 దగ్గర మాత్రం పావుగంటే. ఫోన్ యాప్ అంకె అటూఇటూ ఉండొచ్చు గానీ అంచనాకి పనికొస్తుంది. తలుపులు మూసి వీధిలోకి కూడా వెళ్ళి వినండి. పక్కింటివాళ్ళ గుమ్మం దగ్గర కిక్ స్పష్టంగా వినిపిస్తుంటే సబ్‌లు తగ్గించాల్సిందే.

తేడా వస్తే ఇలా పట్టుకోండి:

- లోతుగా, ఆగకుండా గుయ్: గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం). డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. పోకపోతే ఒక్కో కేబుల్ పీకుతూ రండి, ఏది పీకితే ఆగిందో అదే దోషి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే ఆగిపోతే ఆ షో బ్యాటరీ మీద వాయించండి.
- ఒక స్వరం ఆగకుండా మోగుతూనే ఉంది: మిడీ నోట్ ఇరుక్కుంది. ప్యానిక్ బటన్ నొక్కండి, అది ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.
- ప్రతి స్వరం రెండుసార్లు పలుకుతోంది: సింథ్‌లో లోకల్ కంట్రోల్ (మీటలు నొక్కగానే సింథ్ తనంతట తానే పలికే సెట్టింగ్) ఆఫ్ చేయండి.
- మైకు కూత: గొంతు పెంచే బదులు సింథ్ లైను తగ్గించండి.

8. షో

నలభై ఐదు నిమిషాలు, తొమ్మిది పాటలు చాలు. రెండు పాటల మధ్య ప్యాచ్ మార్చే సమయంలో ఎవరు మాట్లాడాలో ముందే అనుకోండి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో వినేవాళ్ళకి చెవి ఉంది. ఈ శబ్దం ఏ వాద్యం నుంచి వస్తోందో, బీటు ఎవరు నడుపుతున్నారో రెండు ముక్కల్లో చెబితే ఆసక్తిగా వింటారు. చెప్పకపోతే వెనక రికార్డు వేశారనుకుంటారు. వాద్యాలని కొంచెం జనం వైపు వాల్చి పెట్టండి, చేతులు కనపడాలి. ల్యాప్‌టాప్‌ని పక్కకి జరపండి, ముఖానికి అడ్డుగోడ కాకూడదు.

కుర్చీలన్నీ తీసేయకండి. మనవాళ్ళు ముందు కూర్చుని చూస్తారు, నచ్చితే లేస్తారు. స్టేజీ ముందు పది అడుగులు ఖాళీగా వదిలితే చాలు, నాలుగో పాటకి కుర్రాళ్ళు అక్కడికి వస్తారు.

ల్యాప్‌టాప్ మొరాయిస్తే దాన్ని బాగుచేస్తూ కూర్చోకండి. ఫోను ట్రాకుకి మారిపోండి, ఆ చానెల్ ముందే తెరిచి, లెవెల్ సరిచూసి ఉండాలి. ఈ మార్పు ప్రాక్టీసులోనే చేసి చూసుకోండి.

9. విప్పేటప్పుడు

ముందు సౌండ్ వాళ్ళు యాంప్లిఫయర్లు ఆపాలి, ఆ తర్వాతే మీ సింథ్‌లు. తిరగేసి చేస్తే వచ్చే ధబ్‌మనే చప్పుడు స్పీకర్లని పాడు చేస్తుంది. ఆన్ చేసేటప్పుడు దీనికి తలకిందులు, యాంప్లిఫయర్లు అన్నిటికన్నా చివర. కేబుళ్ళు చుట్టేటప్పుడు మోచేతికి మెలిపెట్టి చుట్టకండి, లోపలి తీగలు తెగుతాయి. సౌండ్ వాళ్ళ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్ళూ మీవీ ఒకేలా ఉంటాయి, మీ వాటికి రంగు టేపు చుట్టి ఉంచండి. అడాప్టర్లు లెక్కపెట్టి బ్యాగులో పెట్టాకే ఆటో మాట్లాడండి.